కోనసీమ లంక గ్రామాల్లో సామాజిక ఆరోగ్య కార్యకర్తలు

సామాజిక ఆరోగ్య కార్యకర్తలు అంటే తాము నివసించే గ్రామంలోనో, దాని పరిసరాల్లోనో ఇంటింటికీ తిరిగి ప్రాథమిక ఆరోగ్య సేవలు అందించేవారు, జనాన్ని ఆసుపత్రితో కలిపేవారు. ఆంధ్రప్రదేశ్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఈ పనిని ప్రధానంగా ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్‌లు), అంగన్‌వాడీ కార్యకర్తలు, విలేజ్ క్లినిక్‌లలోని ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) చేస్తున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోని లంక గ్రామాలకూ ఆసుపత్రికీ మధ్య నదీపాయ ఉంటుంది. అందువల్ల వరద రోజుల్లో ఊళ్లోనే ఉండే కార్యకర్తకు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. ఈ వ్యాసం ఆ సేవల నేపథ్యం, చరిత్ర, శ్రేణులు, పనితీరు, పరిమితులను వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

సామాజిక ఆరోగ్య కార్యకర్తకు మూడు లక్షణాలు ఉంటాయి. ఒకటి, ఆ సమాజానికి చెందిన మనిషి కావడం. రెండు, వైద్య పట్టా లేకపోయినా నిర్ణీత పనులకు తగిన శిక్షణ పొంది ఉండడం. మూడు, ప్రజారోగ్య వ్యవస్థతో అనుసంధానమై పనిచేయడం. ఈ కొలత ప్రకారం ఆశా కార్యకర్త పూర్తి అర్థంలో సామాజిక ఆరోగ్య కార్యకర్త. ఏఎన్‌ఎం, ఎంఎల్‌హెచ్‌పీ వృత్తి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది. అంగన్‌వాడీ కార్యకర్త మహిళా శిశు సంక్షేమ శాఖ పరిధిలో పనిచేస్తారు. గ్రామంలో ఈ నలుగురి పని ఒకరిదానితో ఒకరిది ముడిపడి ఉంటుంది కాబట్టి ఇక్కడ కలిపి పరిశీలించడం జరిగింది.

వాడుకలో ఏఎన్‌ఎంను ‘నర్సమ్మ’ అనీ, అంగన్‌వాడీ కార్యకర్తను ‘టీచరమ్మ’ అనీ పిలుస్తారు. ఆశా కార్యకర్తకు ‘ఆశా వర్కర్’ అన్న పేరే స్థిరపడింది.

భౌగోళిక నేపథ్యం

గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ పాయ విడివడి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ సాగరసంగమం అంతర్వేది వద్ద ఉంది. ఈ పాయల నడుమ, బంగాళాఖాతానికి ఆనుకుని ఉన్న డెల్టా భూభాగమే కోనసీమ. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అప్పటి సరిహద్దుల్లోని జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 17 లక్షలు.

నది తెచ్చిన ఒండ్రుతో పాయల మధ్య ఏర్పడిన దీవులను లంకలు అంటారు. వీటిలో కొబ్బరి, అరటి, కూరగాయలు, పూలు పండుతాయి. ఏటిగట్టుకు వెలుపల ఉన్న ఊళ్లకు గట్టు రక్షణ ఉంటుంది. గట్టుకూ నదికీ మధ్య ఉన్న లంకలకు అది ఉండదు. పి.గన్నవరం మండలంలోని బూరుగులంక, ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, ముమ్మిడివరం మండలంలోని గురజాపులంక, కూనాలంక ఇలాంటి ఊళ్లకు ఉదాహరణలు. కాట్రేనికోన మండలంలోని బలుసుతిప్ప, మగసానితిప్ప నదీముఖానికి దగ్గరలోని మత్స్యకార గ్రామాలు.

లంకలకు దారులు మూడు రకాలు. నది తగ్గినప్పుడు ఇసుక మీదుగా వేసే తాత్కాలిక బాట మొదటిది. నీటి మట్టానికి కాస్త ఎత్తుగా కట్టిన కాజ్‌వే రెండోది. పడవ, పంటు ప్రయాణం మూడోది. అయినవిల్లి మండలంలోని ఎదురుబిడియం కాజ్‌వే, మామిడికుదురు మండలంలోని అప్పనపల్లి కాజ్‌వే వరద రాగానే మునిగిపోతాయి. చాకలిపాలెం దగ్గరి కాజ్‌వే మునిగితే అవతల ఉన్న కనకాయలంకకు రాకపోకలు తెగిపోతాయి. పాలనాపరంగా కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లాలోని యలమంచిలి మండలానిది. దానికి దారి మాత్రం కోనసీమ వైపు నుంచే ఉంది. జిల్లా సరిహద్దు ఒక వైపు, జనం నడిచే దారి మరో వైపు ఉండడం ఆరోగ్య సేవల నిర్వహణలో గమనించవలసిన విషయం.

ఎదుర్లంక–యానాం వంతెన, బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, చించినాడ వంతెన వచ్చాక ప్రధాన మార్గాల్లో ప్రయాణకాలం బాగా తగ్గింది. చిన్న లంకల విషయంలో మాత్రం ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లలో ఉందన్న దానికన్నా, ఆ పూట పడవ నడుస్తోందా లేదా అన్నదే ముఖ్యం.

చరిత్ర

*మంత్రసానుల కాలం*

ఆధునిక వైద్యం ఊళ్లకు చేరకముందు కాన్పులు మంత్రసానుల చేతుల మీదుగా జరిగేవి. పురుడు పోయడం, బొడ్డు కోయడం, బాలింతకు పథ్యం చెప్పడం, బిడ్డకు నీళ్లు పోయడం వారి పనులు. 19వ శతాబ్దం నుంచి గోదావరి డెల్టాలో క్రైస్తవ మిషన్ల కృషి మొదలైంది. నరసాపురం, రామచంద్రపురం వంటి పట్టణాల్లో మిషన్ ఆసుపత్రులు వెలిశాయి. ఇవి పట్టణాల్లో ఉండడం వల్ల లంకల వారికి రేవు దాటితేనే అందేవి.

*ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు*

1946లో భోర్ కమిటీ నివేదిక గ్రామీణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచనకు రూపమిచ్చింది. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస కార్యక్రమం ఆరంభమైన తర్వాత ఇవి బ్లాకు స్థాయిలో రాసాగాయి. 1973లో కర్తార్‌సింగ్ కమిటీ ఒక్కో వ్యాధికి ఒక్కో సిబ్బంది బదులు అన్ని పనులూ చేసే బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలు ఉండాలని సూచించింది. అప్పటివరకు ప్రధానంగా కాన్పులు చూసిన ఏఎన్‌ఎం ఆ తర్వాత టీకాలు, కుటుంబ నియంత్రణ, వ్యాధుల నిఘా కూడా చూసే ఉద్యోగి అయ్యారు.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. అంగన్‌వాడీ వ్యవస్థకు అదే ఆరంభం.

*1977 పథకం నుంచి ఆశా వరకు*

గ్రామం నుంచే ఒక మనిషిని ఎంచి శిక్షణ ఇచ్చే సామాజిక ఆరోగ్య కార్యకర్త పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1977 అక్టోబరు 2న ప్రారంభించింది. మరుసటి సంవత్సరం ఆల్మా–ఆటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణను ప్రపంచ లక్ష్యంగా ప్రకటించింది. భారతదేశపు పథకం పేరు తర్వాత ఆరోగ్య వలంటీరు అనీ, 1981లో గ్రామ ఆరోగ్య మార్గదర్శి అనీ మారింది. ఎంపికైనవారిలో ఎక్కువమంది పురుషులు కావడంతో గర్భిణులు, బాలింతల దగ్గరకు సేవ సరిగా చేరలేదు. క్రమంగా ఆ పథకం బలహీనపడింది.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభమైంది. పాత అనుభవం నుంచి నేర్చుకుని, ఈసారి కార్యకర్త స్త్రీ అయి ఉండాలనీ, ఆ ఊరి నివాసి అయి ఉండాలనీ నిబంధన పెట్టారు. అలా వచ్చినవారే ఆశా కార్యకర్తలు. అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అత్యవసర సేవ మొదలైంది.

*గ్రామ సచివాలయాలు, విలేజ్ క్లినిక్‌లు*

2018లో కేంద్రం ఉపకేంద్రాలను ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. ఈ కేంద్రాలకు 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ఆరంభమయ్యాయి. సచివాలయ సిబ్బందిలో ఏఎన్‌ఎం కూడా ఉండడంతో గ్రామ స్థాయిలో నర్సుల సంఖ్య పెరిగింది. ఉపకేంద్రాలు విలేజ్ క్లినిక్‌లుగా రూపొందాయి. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రమంతటా అమలులోకి వచ్చిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు నిర్ణీత రోజుల్లో గ్రామానికి వచ్చి రోగులను చూసే ఏర్పాటు జరిగింది.

కార్యకర్తల శ్రేణులు

*ఆశా కార్యకర్త.* సుమారు 1,000 మంది జనాభాకు ఒకరు. గర్భిణుల నమోదు, ఇంటి సందర్శనలు, ఆసుపత్రికి తోడు వెళ్లడం, జ్వర సర్వేలు, చిన్న జబ్బులకు మందులు ఇవ్వడం ఈమె బాధ్యతలు.

*ఏఎన్‌ఎం.* టీకాలు వేయడం, గర్భిణులకు రక్తపోటు, హిమోగ్లోబిన్ పరీక్షలు, రికార్డుల నిర్వహణ, ఆశా కార్యకర్తలకు మార్గదర్శనం ఈమె పనులు. జాతీయ ప్రమాణం ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన, దుర్గమ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలి.

*ఎంఎల్‌హెచ్‌పీ.* నర్సింగ్ పట్టాతో పాటు సామాజిక ఆరోగ్యంలో శిక్షణ పొందినవారు. విలేజ్ క్లినిక్‌లో రోగులను పరీక్షించి ప్రాథమిక చికిత్స చేస్తారు. టెలి వైద్యం ద్వారా వైద్యుణ్ని సంప్రదిస్తారు. ఉపకేంద్ర స్థాయి వెల్‌నెస్ కేంద్రంలో 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అందుబాటులో ఉండాలన్నది ప్రమాణం.

*అంగన్‌వాడీ కార్యకర్త, ఆయా.* గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు పోషకాహారం అందిస్తారు. పిల్లల బరువు, ఎత్తు తూచి, కొలిచి నమోదు చేస్తారు.

*ఆరోగ్య సహాయకులు, సూపర్‌వైజర్లు.* దోమల నివారణ, నీటి క్లోరినేషన్, అంటువ్యాధుల నిఘా, క్షేత్ర సిబ్బంది పర్యవేక్షణ వీరి పరిధిలో ఉంటాయి.

వీరందరి పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి ఉంటారు. తర్వాతి మెట్టులో రాజోలు, కొత్తపేట వంటి చోట్ల ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులు, అమలాపురంలోని ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. అంతకుమించిన వైద్యం అవసరమైతే రోగులను కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి బోధనాసుపత్రులకు పంపుతారు.

ఎంపిక, శిక్షణ, పరికరాలు

ఆశా కార్యకర్త ఆ ఊళ్లో స్థిరనివాసం ఉన్న వివాహిత, వితంతువు లేదా విడాకులు పొందిన స్త్రీ అయి ఉండాలి. వయసు 25 నుంచి 45 ఏళ్ల మధ్య ఉండాలి. మొదట 8వ తరగతి అర్హతగా ఉండేది. తర్వాత 10వ తరగతికి ప్రాధాన్యం ఇచ్చారు. ‘స్థిరనివాసం’ అన్న నిబంధన లంకల్లో చాలా ముఖ్యం. కార్యకర్త గట్టు ఇవతల ఉంటే, పడవ ఆగిన రోజున సేవ కూడా ఆగుతుంది.

తొలి శిక్షణలో 23 రోజులపాటు ఐదు మాడ్యూళ్లు బోధిస్తారు. తర్వాత 6, 7 మాడ్యూళ్లలో నైపుణ్యాలు నేర్పుతారు. పసిబిడ్డను తూచడం, ఊపిరి లెక్కించడం, ఉష్ణోగ్రత చూడడం, ప్రమాద లక్షణాలు గుర్తించడం ఇందులోనివి. నెలకోసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగే ‘ఆశా డే’ సమావేశంలో పని సమీక్ష, తిరుగు శిక్షణ ఉంటాయి.

ఆశా సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, పారాసిటమాల్, ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు, జింక్ మాత్రలు, గర్భనిర్ధారణ కిట్లు, థర్మామీటరు, పసిపిల్లల తూకం సాధనం వంటివి ఉంటాయి. వీటిలో ఏది నిండుకున్నా, గట్టు మీద ఊళ్లో ఒక్క పూటలో తెచ్చుకోవచ్చు. వరదలో చిక్కుకున్న లంకలో ఆ అవకాశం ఉండదు కాబట్టి వానాకాలానికి ముందే నిల్వలు సరిచూసుకోవాలి.

పనితీరు

*గర్భిణుల సేవ*

గర్భం నిర్ధారణ అయిన వెంటనే, వీలైతే 12 వారాల లోపు, పేరు నమోదు చేస్తారు. కాన్పు లోపు కనీసం నాలుగు పరీక్షలు జరగాలి. రెండు టీడీ టీకాలు, కనీసం 180 ఐరన్ మాత్రలు ఇస్తారు. ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద వైద్యుల పరీక్ష ఉంటుంది. ఈ కార్యక్రమం 2016లో ప్రారంభమైంది.

రక్తహీనత, అధిక రక్తపోటు, కవలలు, గతంలో సిజేరియన్ వంటివి ఉన్నవారిని అధిక ప్రమాద గర్భిణులుగా గుర్తిస్తారు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. ఈ రెండు అంకెలను కలిపి చూడాలి. స్త్రీలను కాన్పుకు ఆసుపత్రికి చేర్చడంలో వచ్చిన విజయం, గర్భం రాకముందు నుంచీ రక్తహీనతను తగ్గించడంలో ఇంకా రాలేదు. మాత్రలు పంచడంతో పాటు వాటిని మింగేలా చూడడం, మలబద్ధకం, వికారం వంటి ఇబ్బందులకు సలహా చెప్పడం కార్యకర్త పనిలో భాగం కావడానికి కారణం ఇదే.

*నవజాత శిశువు, పసిపిల్లలు*

ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి తల్లీబిడ్డలను చూడాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు సందర్శన అదనం. ఈ విధానం 2011లో దేశవ్యాప్తంగా అమలులోకి వచ్చింది. బిడ్డ పాలు సరిగా తాగకపోవడం, ఒళ్లు చల్లబడడం, నిమిషానికి 60 సార్లు లేదా అంతకుమించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం ప్రమాద లక్షణాలు. పుట్టినప్పుడు 2.5 కిలోల లోపు బరువున్న బిడ్డలను ఎక్కువ శ్రద్ధతో గమనిస్తారు. తల్లి గుండెకు హత్తుకుని బిడ్డను వెచ్చగా ఉంచే పద్ధతి నేర్పుతారు. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో పెరుగుదల, తినిపించే తీరు చూసే సందర్శనలు ఉంటాయి.

*టీకాలు, గ్రామ ఆరోగ్య పోషకాహార దినం*

టీకాల రోజున ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఒకే చోట చేరతారు. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఐస్‌ప్యాక్‌లు పెట్టిన టీకా పెట్టెను ఆ ఉదయమే రేవు దాటించి, సాయంత్రానికి మిగిలినవి తిరిగి చేర్చాలి. బీసీజీ, మీజిల్స్–రూబెల్లా టీకాలను ఒకసారి కలిపాక నాలుగు గంటల లోపే వాడాలి. అందుకని పడవ వేళకు తగ్గట్టు పిల్లలను ముందే కూడగట్టడం ఆశా కార్యకర్త పని. పుట్టిళ్లకో, పనుల కోసం వేరే ఊళ్లకో వెళ్లిన తల్లుల పిల్లల జాబితా కూడా ఆమె దగ్గరే ఉంటుంది.

*బోదకాలు, ఇతర అంటువ్యాధులు*

గోదావరి డెల్టా బోదకాలుకు చిరకాలంగా పేరుపడిన ప్రాంతం. ఉచెరేరియా బాంక్రాఫ్టై అనే పరాన్నజీవి వల్ల వచ్చే ఈ వ్యాధిని మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వ్యాపింపజేస్తుంది. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. రాజమహేంద్రవరంలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ ఉంది. పరాన్నజీవి పిల్లలు రాత్రివేళ రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి రాత్రి 8 గంటల తర్వాత నమూనాలు సేకరిస్తారు. 2004 నుంచి సామూహిక మందుల పంపిణీ అమలైంది. ఇందులో డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను కార్యకర్త తన ఎదుటే మింగించాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఇవి ఇవ్వరు. ఇప్పటికే వాపు వచ్చినవారికి కాలిని రోజూ సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, పుండ్లు పడకుండా చూసుకునే పద్ధతి నేర్పుతారు.

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. ఇంటి వెనుక పడేసిన కొబ్బరి చిప్పలు, బోండాలు, కుండపెంకుల్లోని నీళ్లు పారబోయించడం కోనసీమలో వానాకాలపు నిత్యకృత్యం. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని క్షయ పరీక్షకు, స్పర్శ లేని మచ్చలు ఉన్నవారిని కుష్ఠు పరీక్షకు పంపుతారు. మందులు మధ్యలో మానకుండా చూసే బాధ్యత కూడా కార్యకర్తదే.

*దీర్ఘకాలిక జబ్బులు, వృద్ధులు*

30 ఏళ్లు దాటినవారి నుంచి ఆశా కార్యకర్త ప్రశ్నావళి నింపి, బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలకు పంపాలి. కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు చాలామంది. వారిలో ఇంటిపనులకు వెళ్లిన స్త్రీలు గణనీయంగా ఉన్నారు. పిల్లలు విదేశంలో, తల్లిదండ్రులు ఇంట్లో ఉన్న కుటుంబాల్లో వృద్ధుల మందులు, పరీక్షల తేదీలు గుర్తుచేసే మనిషి తరచుగా ఆశా కార్యకర్తే అవుతారు.

వరద కాలంలో సేవలు

గోదావరి వరద హెచ్చరికలకు నిర్ణీత మట్టాలు ఉన్నాయి. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల వద్ద మొదటి, రెండవ, మూడవ హెచ్చరికలు జారీ అవుతాయి. ధవళేశ్వరం వద్ద అవి 11.75, 13.75, 17.75 అడుగులు. ఇవి దాదాపు 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి సమానం. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. లంకల్లోని ఆరోగ్య కార్యకర్తలకు సిద్ధపడడానికి చేతిలో ఉన్న వ్యవధి ఇంతే.

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంకలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ తీరంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది.

వరదకు ముందు కార్యకర్త చేసే మొదటి పని జాబితా. ప్రసవ తేదీ దగ్గరపడిన గర్భిణులు, పచ్చి బాలింతలు, మంచాన పడినవారు, డయాలసిస్ చేయించుకునేవారు, రోజూ మందులు వాడేవారు ఇందులో ఉంటారు. గర్భిణులను పడవలు నడుస్తుండగానే ఆసుపత్రికో, గట్టు అవతలి బంధువుల ఇంటికో చేర్చడం మేలైన పద్ధతి. నీరు పెరిగాక కాన్పు నొప్పులు మొదలైతే అగ్నిమాపక, విపత్తు స్పందన దళాల పడవల సాయం కోరవలసి వస్తుంది.

వరద నిలిచి ఉన్న రోజుల్లో పునరావాస కేంద్రాల్లో వైద్య శిబిరాలు నడుస్తాయి. క్లోరిన్ మాత్రలు, ఓఆర్‌ఎస్ పంచుతారు. మెరక ప్రాంతాలకూ ఇళ్లలోకీ పాములు చేరతాయి కాబట్టి పాముకాటుపై అప్రమత్తత అవసరం. కాటు పడ్డచోట కోయడం, గట్టిగా కట్టడం, నాటువైద్యంతో కాలయాపన చేయడం ప్రమాదకరం. కదలకుండా పడుకోబెట్టి, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చాలి.

నీరు తీశాక పని మరింత పెరుగుతుంది. బావులు, ట్యాంకుల క్లోరినేషన్, బ్లీచింగ్ చల్లడం, విరేచనాలు, జ్వరాలు, చర్మవ్యాధుల కోసం ఇంటింటి సర్వే, ఆగిపోయిన టీకాలు మళ్లీ మొదలుపెట్టడం వరుసగా సాగుతాయి. ఈ సమయంలో కార్యకర్త సొంత ఇల్లు కూడా మునిగి ఉండవచ్చు.

రవాణా, ఆసుపత్రికి పంపే విధానం

లంక నుంచి ఆసుపత్రికి ప్రయాణం సాధారణంగా మూడు అంచెలు. ఇంటి నుంచి రేవుకు ఆటోలోనో, మోటారు సైకిలు మీదో, నడిచో వెళ్లాలి. రేవు నుంచి అవతలి ఒడ్డుకు పడవ. అక్కడి నుంచి 108 వాహనం. మూడు అంచెలూ కలిసేలా ముందుగా ఫోన్లు చేసి సమయం కుదర్చడం ఆశా కార్యకర్త నేర్చుకున్న నైపుణ్యం. పడవ నడిపేవారి నంబరు, రాత్రివేళ పిలిస్తే వచ్చే ఆటో డ్రైవరు నంబరు ఆమెకు తప్పక తెలిసి ఉండాలి. కాన్పు తర్వాత తల్లీబిడ్డలను ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలు ఉన్నాయి. వాటి ప్రయాణం కూడా రేవు దగ్గరే ఆగుతుంది.

గౌరవ వేతనం, హోదా

ఆశా వ్యవస్థ స్వచ్ఛంద సేవ అన్న భావనతో, పనిని బట్టి ప్రోత్సాహకం చెల్లించే పద్ధతిలో మొదలైంది. నవజాత శిశువు సందర్శనలు పూర్తిచేస్తే 250 రూపాయలు వంటివి ఇందుకు ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించింది. 2025 మార్చిలో గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు, పదవీ విరమణ వయసు 62 ఏళ్లకు పెంపు ప్రకటించింది. అప్పటికి రాష్ట్రంలో ఆశా కార్యకర్తల సంఖ్య 42 వేలకు పైగా ఉంది.

2013లో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ పథక కార్యకర్తలను కార్మికులుగా గుర్తించాలని సిఫారసు చేసింది. కనీస వేతనం, ప్రభుత్వ ఉద్యోగులుగా గుర్తింపు, పనిగంటల పరిమితి కోసం ఆశా, అంగన్‌వాడీ సంఘాలు ఆందోళనలు చేస్తున్నాయి. ఊరి మనిషిగా, ఊరికి జవాబుదారీగా ఉండే స్వభావం ఉద్యోగ హోదాతో తగ్గవచ్చునన్నది స్వచ్ఛంద పద్ధతిని సమర్థించేవారి వాదన. రోజంతా పని చేయించుకుంటూ దాన్ని సేవ అనడం న్యాయం కాదన్నది సంఘాల వాదన.

ప్రాముఖ్యం

2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ప్రకటించింది. జనాన్ని ఆరోగ్య వ్యవస్థతో కలపడంలో, కోవిడ్ కాలంలో వారు చేసిన సేవకు ఇది గుర్తింపు. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహిత ప్రాంతంలో భాగంగా ధ్రువీకరణ పొందడంలో ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల పాత్ర ప్రధానమైనది.

లంక గ్రామాల్లో వీరి ప్రాముఖ్యానికి అదనపు కారణం ఉంది. వైద్యుడు, వాహనం, ప్రయోగశాల ఇవన్నీ గట్టు ఇవతల ఉంటాయి. నీరు పెరిగినప్పుడు లంకలో మిగిలే ఆరోగ్య వ్యవస్థ అంటే అక్కడే ఇల్లున్న కార్యకర్త, ఆమె సంచి, ఆమె ఫోను మాత్రమే. ఏ ఇంట్లో ఎవరికి ఏ నెల, ఎవరికి షుగరు, ఎవరు మంచాన ఉన్నారు అన్న సమాచారం వరదకు ముందే ఆమె దగ్గర ఉండడం వల్లనే తరలింపు సాధ్యపడుతుంది.

పరిమితులు, చర్చనీయాంశాలు

*జనాభా ప్రమాణం.* సిబ్బంది కేటాయింపు ప్రధానంగా జనసంఖ్య మీద ఆధారపడుతుంది. వెయ్యిమంది లేని చిన్న లంక పక్క ఊరితో కలిసి లెక్కలోకి వస్తే, కార్యకర్త ఏటికి ఒక వైపే నివసించగలదు. డెల్టా మైదాన ప్రాంతమే అయినా, వరద నెలల్లో లంకల పరిస్థితి దుర్గమ ప్రాంతానిదే.

*ప్రయాణ భారం.* పడవ ఖర్చు, రాత్రి ప్రయాణం, ఆసుపత్రిలో తోడుగా ఉన్నప్పుడు బస వసతి లేకపోవడం మహిళా కార్యకర్తలకు ప్రత్యేక సమస్యలు.

*రికార్డుల భారం.* ఒకే సమాచారాన్ని పుస్తకంలోనూ యాప్‌లోనూ నమోదు చేయవలసి రావడం, సిగ్నల్ అందని చోట్ల ఆలస్యం కావడం ఇంటి సందర్శనల సమయాన్ని తగ్గిస్తాయి.

*అధికార పరిధి.* కార్యకర్త ఇవ్వగల మందులు పరిమితం. ఎక్కువ అధికారం ఇస్తే తప్పుడు వాడకానికి, తక్కువ ఇస్తే వరద రోజుల్లో నిస్సహాయతకు అవకాశం ఉంటుంది. టెలి వైద్యం ఈ అంతరాన్ని కొంత పూడుస్తోంది. అది కూడా విద్యుత్తు, సిగ్నల్ మీద ఆధారపడుతుంది.

*సామాజిక అంతరాలు.* కులం, వీధి, బంధుత్వం వల్ల కార్యకర్త రాకపోకలు కొన్ని ఇళ్లకు తక్కువయ్యే ప్రమాదం ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశాలు క్రమంగా జరిగితే ఇటువంటి లోపాలు బయటపడతాయి.

ఇతర ప్రాంతాలతో పోలిక

చైనా 1960ల చివర గ్రామీణ రైతులకు స్వల్పకాల శిక్షణ ఇచ్చి ‘చెప్పుల్లేని వైద్యులు’ అనే వ్యవస్థను దేశమంతటా విస్తరించింది. మహారాష్ట్రలోని జాంఖేడ్‌లో 1970లో పని ప్రారంభించిన అరోలే దంపతులు చదువు లేని గ్రామీణ స్త్రీలకు శిక్షణ ఇచ్చి మంచి ఫలితాలు సాధించారు. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఇంటి వద్దే నవజాత శిశు సంరక్షణ సాధ్యమని నిరూపించారు. వారి పరిశోధన 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలకు మూలం ఆ కృషే. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం ఆశా పథకానికి నమూనాగా నిలిచింది. ఈ అనుభవాలన్నిటిలో ఉమ్మడిగా కనిపించేవి మూడు: ఊరి స్త్రీని ఎంచుకోవడం, శిక్షణను ఆపకుండా కొనసాగించడం, వెనుక పనిచేసే ఆసుపత్రి ఉండడం. కోనసీమ లంకలకు నాలుగవది కూడా అవసరం. అది కార్యకర్తకూ ఆసుపత్రికీ నడుమ ఏడాది పొడవునా నడిచే దారి.

ఇవీ చూడండి

ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రామ సచివాలయం, జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, 108 సేవలు, బోదకాలు, గోదావరి వరదలు, ధవళేశ్వరం ఆనకట్ట, లంక గ్రామాలు, వైనతేయ నది, కోనసీమ